కూరతోటలకు వైద్యమెక్కడ?

విశాఖపట్టణమున కూరగాయల వెల పెరిగినప్పుడెల్ల ఆ సంగతి పత్రికల మొదటి పుటకెక్కును. 2023వ సంవత్సరమున టొమాటో కిలో నూరురూపాయలు దాటినప్పుడు ప్రభుత్వమువారు తామే సరకు కొని రైతుబజారులలో కిలో 50 రూపాయల చొప్పున అమ్మించిరి. పిమ్మట వెల దిగినది, ముచ్చట సద్దుమణిగినది. ఆ కాయలు కాచిన తోటలలో ఎన్ని మొక్కలు కాపునకు రాకమునుపే వాడిపోయెనో, వానిని నాటిన రైతు మరల ఎక్కడ అప్పు తెచ్చి నారు కొనెనో విచారించినవారు మాత్రము కానరారు. కొనువాని కష్టము వార్త యగుచున్నది. పండించువాని నష్టము తోటగట్టు దాటి రాకున్నది. కూరగాయల పైరులను పీడించు బాక్టీరియా తెగుళ్లను గూర్చి నేడు మేము కొంత విపులముగా వ్రాయబూనుట ఈ కారణముచేతనే.

రేవును ఉక్కును గల పట్టణమునకు వంగతోట గొడవ యేల యని కొందరు తలంపవచ్చును. 1933లో రేవు తెరవబడినది మొదలు ఈ పట్టణము ఓడలను జూచి పెరిగినది. 1971లో పునాదిరాయి పడి 1992లో జాతికంకితమైన ఉక్కు కర్మాగారముతో పరిశ్రమల పట్టణమైనది. 2011 జనాభా లెక్కలనాటికే నగరవాసులు 17 లక్షలు దాటిరి. ఇందరికిని నిత్యము కావలసిన వంకాయ, టొమాటో, పచ్చిమిరప, బెండ, క్యాబేజీలు ఓడలనుండి దిగునవి కావు. ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్టణము, పెందుర్తి, సబ్బవరము ప్రాంతముల చిన్న కమతములనుండియు, మన్యమునుండియు వచ్చును. చాలనిది మదనపల్లె మున్నగు దూరప్రదేశములనుండి లారీలపై వచ్చును. 2022 ఏప్రిల్ 4వ తేదీన పూర్వపు విశాఖజిల్లా విశాఖపట్టణము, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడివడినది. పాలనకు మూడైనను పట్టణపు వంటయింటికి ఆ మూడును ఒక్కటియే. మరియు కర్మాగారములకును కాలనీలకును దగ్గరి భూములు పోయినకొలది, మిగిలిన తోటలలో రైతు నేలకు విరామమీయక కూరగాయలనే మరలమరల వేయవలసివచ్చుచున్నది. తెగులునకు ఇంతకన్న అనుకూలమగు స్థితి వేరొకటి లేదు.

తెగులు అను ఒక్క మాటతో మన రైతులు పిలుచు వ్యాధులు నిజమునకు మూడు జాతులకు చెందినవి. శిలీంధ్రములవలన, అనగా బూజుజాతి జీవులవలన, కలుగునవి కొన్ని. వైరసులవలన కలుగునవి కొన్ని. బాక్టీరియా అను ఏకకణజీవులవలన కలుగునవి కొన్ని. శిలీంధ్రపు తెగుళ్లలో పెక్కింటికి అంగడిలో మందు గలదు. వైరసునకు మందు లేకున్నను దానిని మోసికొనివచ్చు తెల్లదోమను, పేనుబంకను అరికట్టవచ్చును. బాక్టీరియా యొకసారి మొక్కలోనికి జొరబడి నీటినాళముల నాక్రమించిన పిమ్మట, తోటలో దానిని వెడలగొట్టగల మందు నేటివరకు లేదు. ఈ యొక్క సత్యమును గుర్తించినచో మన చర్యల వరుసయంతయు మారవలసియుండును. మందునకు ముందు విత్తనము, నారు, నేల, నీరు రావలయును. వీనియన్నిటికిని ముందు రోగనిర్ణయము రావలయును. నేడు జరుగుచున్నది దీనికి తలక్రిందులు.

వంగ, టొమాటో, మిరప, ఆలుగడ్డ, అల్లము మొదలగువానికి వచ్చు వడలు తెగులునే మొదట తీసికొందము. ఉదయమున పచ్చగా నిలిచిన మొక్క మధ్యాహ్నమునకు తల వ్రేలవేయును. సాయంకాలమునకు కొంత తేరుకొన్నట్లు కనబడును. కొన్నిదినములిట్లు జరిగి, ఆకు పండుబారకయే, పచ్చగా నుండగానే మొక్క వాడి చచ్చును. నీరు చాలలేదని తలంచి రైతు మరికొంత నీరు పెట్టును. ఆ నీటివెంటనే తెగులు ప్రక్కసాలులోనికి పారును. దీనికి కారణమైన బాక్టీరియా పేరు రాల్‌స్టోనియా సొలనేసియారమ్. వేళ్లకు తగిలిన గాయములగుండను, పిల్లవేళ్లు పుట్టుచోటులగుండను లోనికి బోయి, నీరెక్కు నాళములను జిగురువంటి పదార్థముతో నింపి, తడినేలలోనే మొక్కను దాహముతో చంపును. తెగులు ముదిరిన కాండమున ఒక్క గ్రాములో పదికోట్లు మొదలు శతకోటివరకు ఈ జీవులుండును. వేళ్లకు నులిపురుగుల బెడద గలచోట గాయము లెక్కువ గాన తెగులును ఎక్కువ. వెచ్చదనమును తేమయు దీనికి ప్రియములు. 25 మొదలు 35 డిగ్రీలవరకు గల వేడిమిలో విజృంభించును. మన తీరపు వానకారు సరిగా అట్టిది.

దీనిని గుర్తించుటకు గొప్ప యంత్రము లక్కరలేదు. వాడిన మొక్కను పెరికి, కాండమును మొదలుదగ్గర కోసి, కోసిన కొన మునుగునట్లు తేటనీరు గల గాజుగ్లాసులో కదలకుండ పట్టుకొనవలయును. తెగులు బాక్టీరియాదే యైనచో కొలది నిమిషములలో ఆ కోతనుండి పాలవంటి తెల్లని దారము నీటిలోనికి దిగును. శిలీంధ్రపు ఎండుతెగులైనచో అట్లు దిగదు. దీనికి ఖర్చు లేదు, కాలహరణము లేదు, అక్షరజ్ఞానముతోగూడ పనిలేదు. అయినను ఈ గ్లాసు పరీక్షను మన తోటలలో ఎందరు చేయుచున్నారని ప్రశ్నించినచో తృప్తికరమగు సమాధానము రాదు. పరీక్షకు ముందే మందు వచ్చి తోటగట్టున కూర్చుండుటయే దీనికి హేతువు.

ఈ తెగులు క్రొత్తగా వచ్చినదియు కాదు. 1892లోనే పూనా ప్రాంతపు ఆలుగడ్డ పైరులో దీనివలని నష్టమును గూర్చి వ్రాయబడినది. 1896లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్విన్ స్మిత్ దీనికి బాక్టీరియాయే కారణమని నిరూపించెను. బాక్టీరియా మనుష్యులకును పశువులకును రోగము తేగలదుగాని మొక్కలకు తేజాలదని ఆ దినములలో ఐరోపాలో పండితులు కొందరు వాదించుచుండిరి. స్మిత్ వారితో యేండ్లతరబడి వాదము సలిపి నెగ్గెను. మన దేశమున ఈ శాస్త్రమునకు పునాది వేసినది పూనా వ్యవసాయ కళాశాలలో పనిచేసిన ఎం. కె. పటేల్ గారు. నాటినుండి నేటివరకు ఆ సూక్ష్మజీవి శాస్త్రనామము పలుమారులు మారినది. దాని జన్యుపటము సంపూర్ణముగా చదువబడినది. వాడిన మొక్కను బ్రతికించు మందు మాత్రము దొరకలేదు. కావున మందు దొరకినదని ఎవరైన సీసా చేతికిచ్చినచో రైతు మొట్టమొదట సందేహింపవలసియున్నది.

ఈ బాక్టీరియాకు ఆతిథ్యమిచ్చు మొక్కలు 50కి పైబడిన కుటుంబములలో 200 జాతులకు మించియున్నవి. మన కూరతోటలలో ముఖ్యమైన వంగ, టొమాటో, మిరప, ఆలుగడ్డ నాలుగును వృక్షశాస్త్రరీత్యా ఒకే కుటుంబమునకు చెందినవి. వంగ తీసి టొమాటో వేసిన రైతు పంట మార్చితినని తలంచును. నేలలోని సూక్ష్మజీవికి మాత్రము మారినదేమియు లేదు. వరి, మొక్కజొన్న, చోడి వంటి ధాన్యపు పైరులతో మార్పిడి చేసినచో దాని బలము క్రమముగా తగ్గును. నీరు నిలిపి వరి వేసిన మడి మరింత మేలు చేయును. కూరపాదులకును చోళ్లకును గంటెలకును నేలను మార్చిమార్చి యిచ్చు అలవాటు మన పల్లెలకు పాతదియే. అది తరిగిపోవుటకు రైతు మౌఢ్యము కారణము కాదు. ఒక్క యేటికో, ఒక్క కారునకో నేలను కౌలునకు తీసికొన్నవాడు రాబోవు మూడేండ్ల భూమి ఆరోగ్యమును తలంచి చోళ్లు చల్లజాలడు. చల్లినచో కౌలు చెల్లింపజాలడు. 2019లో మన రాష్ట్రమున చేయబడిన పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు 11 మాసముల పత్రము నేర్పరచినది. 11 మాసముల హక్కు ఒక పంటకు అప్పు తెచ్చిపెట్టునేమోగాని, మూడేండ్ల పంటల మార్పిడికి ధైర్యమీయజాలదు. వడలు తెగులు కేవలము శాస్త్రజ్ఞుల సమస్య కాదనియు, భూమి సమస్యయు దానితో ముడివడియున్నదనియు ఇందువలన తేలుచున్నది.

రెండవది ఆకుమచ్చ తెగులు. టొమాటో, మిరప ఆకులపై నీరు పట్టినట్లు చిన్న మచ్చలు పుట్టి నల్లబడును. కాయలపై గరుకు పొక్కులు లేచును, ఆకు రాలిపోవును, ఎండ సూటిగా తగిలి కాయ చెడును. క్సాంథోమొనాస్ అను బాక్టీరియాలు దీనికి కారణము. ఇది విత్తనమునంటి దేశములు దాటును. వానచినుకు తుంపరతో మొక్కనుండి మొక్కకు ఎగురును. గాలితోడి వాన ఆకులను చీల్చి ఆ గాయములలోనికి దీనిని చేర్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును తాకినప్పుడు కూలిన చెట్లను, ఎగిరిపోయిన పైకప్పులను అందరును చూచిరి. అట్టి తుపాను విడిచిపోవు తేమయు, ఆకుల గాయములును తరువాతి వారములలో తోటలకు చేయగల కీడును లెక్కించుట మనకు ఇంకను అలవాటు కాలేదు. గాలివాన వెలిసిన మూడవనాడు నష్టపు పట్టిక ముగియును. తెగులు అప్పుడే మొదలగును.

మూడవది క్యాబేజీ, కాలీఫ్లవరులకు వచ్చు నల్లకుళ్లు. ఆకు అంచున పుట్టిన పసుపుపచ్చ మచ్చ నడిమి ఈనెవైపు కోణాకారముగా సాగును, ఈనెలు నల్లబడును, గడ్డ కట్టకమునుపే మొక్క చెడును. ఇదియు విత్తనముతో వచ్చునదే. 50 డిగ్రీల వేడినీటిలో క్యాబేజీ విత్తనమును 25 నిమిషములుంచి, చల్లార్చి, ఆరబెట్టి చల్లినచో విత్తనమునంటిన తెగులు చాలవరకు నశించును. వేడిమి మితిమీరినచో మొలక చెడును. తగ్గినచో తెగులు చావదు. ఇట్టి పనిని మన్యపు రైతు ఇంటిపొయ్యిమీద చేసికొనవలయునని కరపత్రములో వ్రాయుట సులభము. ఉష్ణమాపకమును, తగిన తొట్టియు గల కేంద్రమున, మండలమునకంతకు ఒక్కచోట చేయవలసిన పని యిది.

నాలుగవది వంగకు వచ్చు వెర్రి తెగులు. ఈ తెగులు సోకిన మొక్క చిన్నచిన్న ఆకులతో గుబురెత్తును, పూయదు, కాయదు. విశాఖజిల్లా మద్రాసు రాజధానిలో నున్నకాలమున, 1939లో, కోయంబత్తూరు శాస్త్రజ్ఞులు ఇది మొక్కనుండి మొక్కకు సోకు వ్యాధియని వర్ణించిరి. ఇది వైరసువలన కలుగునని చాలకాలము తలంచిరి. ఇట్టి రోగములకు పైగోడలేని యొక బాక్టీరియాజాతి కారణమని 1967లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దానినే నేడు ఫైటోప్లాస్మా యనుచున్నారు. రసము పీల్చు దోమజాతి పురుగు దీనిని మోయును. వెర్రెత్తిన మొక్కను కనబడినవెంటనే పెరికివేయుటయు, ఆ పురుగు నరికట్టుటయు తప్ప మార్గము లేదు. పచ్చగా ఏపుగా కనబడు మొక్కను పెరుకుటకు రైతునకు చేయి రాదు. ఆ మొక్క తనకు కాయ నీయకపోగా పొరుగుతోటకు రోగమిచ్చునని చెప్పి చూపువా డొకడు దగ్గర నుండవలయును.

అట్లు చెప్పువాడు నేడు రైతునకు ఎక్కడ దొరకుచున్నాడు? మందుల కొట్టులో దొరకుచున్నాడు. వాడిన కొమ్మను తువ్వాలులో చుట్టుకొని రైతు కొట్టునకు పోవును. కొట్టువాడు కొమ్మను చూచియో చూడకయో ఒక శిలీంధ్రపు మందు, ఒక పురుగుమందు, ఒక టానిక్కు, ఒక బాక్టీరియా మందు కలిపి యిచ్చును. నాలుగింటిలో ఏదో యొకటి తగులకపోదని ఇరువురును ఆశపడుదురు. ఆ మందులలో ఒక్కటియు వేరులోనికి చేరి వడలు తెగులును మాన్పదు. మొక్క చచ్చును, బాకీ నిలుచును. కొట్టువారి నందరిని దోషులనుట మా యుద్దేశము కాదు. అప్పిచ్చువాడు వారే, ఆదివారమునాడును తలుపు తెరచియుండువారు వారే. శాస్త్రజ్ఞుడు లేనిచోట వారు శాస్త్రజ్ఞులైరి. సరకు అమ్మువానికే రోగము నిర్ణయించు భారమును అప్పగించిన ఏర్పాటులోనే దోషమున్నది. మనుష్యుల వైద్యములో ఇట్టి యేర్పాటును మన మొక్క దినమైనను సహింపము.

ఈ విషయము తోటగట్టుతో ఆగినచో ఇంతగా వ్రాయబనిలేదు. బాక్టీరియా తెగుళ్లకని మన రైతులు పెక్కేండ్లుగా చల్లుచువచ్చిన పొడిలో నూటికి 90 పాళ్లు స్ట్రెప్టోమైసిన్, 10 పాళ్లు టెట్రాసైక్లిన్ అను జీవాణునాశకములు గలవు. 1943లో అమెరికాలో కనుగొనబడిన స్ట్రెప్టోమైసిన్ క్షయరోగమునకు మానవజాతికి దొరకిన మొదటి గట్టి మందు. ప్రపంచమందలి క్షయరోగులలో దాదాపు నాలుగవవంతు మన దేశముననే యున్నారు. అట్టి మందును టొమాటో ఆకుపై చల్లుటవలన, దానికి లొంగని సూక్ష్మజీవులు నేలలోను నీటిలోను పుట్టి పెరుగుటకు దారి యేర్పడును. ఇది కేవలము ఊహ కాదు. అమెరికాలోని ఫ్లారిడాలో 1950వ దశకమున ఆకుమచ్చ తెగులుపై ఈ మందును విరివిగా చల్లిరి. కొలదియేండ్లలోనే ఆ బాక్టీరియాలో మందునకు లొంగని రకములు తలయెత్తెను. మందు వ్యర్థమైనది, తెగులు నిలిచినది.

పొలములలో ఈ రెండు మందుల వాడుకను 2024 నాటికి పూర్తిగా మాన్పించు నుద్దేశముతో కేంద్ర వ్యవసాయమంత్రిత్వశాఖ 2021 డిసెంబరులో ఉత్తరువును ప్రకటించినది. ఆ యుద్దేశము శ్లాఘనీయము. కాని కాగితముమీది నిషేధముతో తోటలోని అలవాటు పోదు. తెగులు కనబడినప్పుడు ఏమి చేయవలయునో చూపక, ఏమి చేయరాదో మాత్రము చెప్పినచో రైతు దొంగచాటుగా దొరకినదానిని కొనును. మందు లేకున్న పైరు పోవును గదా యని కొందరు ఆక్షేపింతురు. వడలు తెగులునకు ఆ మందు ఉన్నను పైరు పోవుచునే యున్నది గాన ఆ యాక్షేపణ అక్కడ నిలువదు. ఆకుమచ్చ విషయమున మాత్రము దానిలో కొంత న్యాయము గలదు. అచ్చట శుద్ధమైన విత్తనము, నేలనంటిన క్రింది యాకులను తీసివేయుట, పైనుండి నీరు చిమ్మక సాలులో పారించుట, తెగులునకు ముందుగా మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమునో తత్సమానమగు రాగిమందునో మితముగా వాడుట మొదలగు మార్గములు గలవు. రాగియు ఆకుపై కాపలాకాయునేగాని లోనికి జొచ్చిన తెగులును చంపజాలదు. అతిగా వాడినచో దానికిని లొంగని రకములు పుట్టును.

నిరాశకు మాత్రము కారణము లేదు. తెగులు నెదిరించు వంగడములు మన దేశముననే పుట్టియున్నవి. బెంగుళూరునందలి భారత ఉద్యాన పరిశోధనసంస్థవారు టొమాటోలో అర్క రక్షక్, వంగలో అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్ మున్నగు రకములను వడలు తెగులునకు ఓర్చునట్లు తీర్చిరి. మనకు పొరుగున, మనవంటి వాతావరణమే గల ఒరిస్సాలో భువనేశ్వరపు వ్యవసాయ విశ్వవిద్యాలయము ఉత్కళ్ అను పేరున టొమాటో రకములను, కేరళ విశ్వవిద్యాలయము శక్తి, ముక్తి అను టొమాటోలను, సూర్య, శ్వేత అను వంగలను ఇచ్చినవి. కాని ఒక్కచోట ఎదిరించిన రకము వేరొకచోట లొంగిపోవచ్చును. ఏలయన ఈ బాక్టీరియాలో తెగలు పెక్కు. బెంగుళూరున నెగ్గినది పద్మనాభమున నెగ్గునో లేదో ఇచ్చటి నేలలో వేసి చూచినగాని తెలియదు. ఆ చూచు పని అనకాపల్లి, చింతపల్లి పరిశోధనస్థానములు ఉద్యాన విశ్వవిద్యాలయముతో కలిసి, రైతుల తోటలలోనే, ఏటేట చేసి ఫలితములను తెలుగున ప్రకటింపవలయును.

ఇక్కడ బజారును గూర్చి ఒక్కమాట. విశాఖ గృహిణి కోరు వంకాయ రంగు వేరు, పొడవు వేరు, రుచి వేరు. తెగులు నోర్చు వంగ ఆమె కోరిన వంగ కాకున్నచో రైతు దానిని వేయడు. వేయమని బలవంతపెట్టుటయు తగదు. ఈ చిక్కునకు అంటుకట్టుట మంచి పరిష్కారము. తెగులు నోర్చు అడవివంగ జాతి వేరుపై మన వంగను, వంగ వేరుపై టొమాటోను అంటుకట్టినచో వేరు నిలుచును, కాయ మన కాయయే యగును. జపానులో పుచ్చకాయను సొరవేరుపై అంటుకట్టు పద్ధతి 1920వ దశకముననే వాడుకలోనికి వచ్చినది. తైవానునందలి ప్రపంచ కూరగాయల పరిశోధనకేంద్రమువారు టొమాటోకు తగిన వంగవేళ్లను ఎంచి యిచ్చిరి. అంటునారు వెల సామాన్యపు నారుకన్న హెచ్చు. ఆ హెచ్చును చిన్నరైతు ఒంటరిగా భరింపజాలడు. చచ్చిన తోటకు తరువాత సాయమిచ్చుటకన్న, బ్రదుకు నారునకు ముందుగా సాయమిచ్చుట ఖజానాకును లాభమే.

విత్తనము, నారు అనునవి ఈ వ్యాధుల వాహనములు. 1966 నాటి విత్తనముల చట్టము ప్రకారము పొట్లముపై మొలకశాతము, స్వచ్ఛత కనబడుచున్నవి. అందలి విత్తనము బాక్టీరియాకై పరీక్షింపబడినదా అను మాట సామాన్యముగా కనబడదు. ఉద్యాన నర్సరీల నియంత్రణకై ఉమ్మడి రాష్ట్రమున 2010లో చట్టము చేయబడినది. నేడు రైతులు మిరప, టొమాటో, వంగ నారును పళ్లెములలో పెంచిన నర్సరీలనుండి కొనుట పెరిగినది. ఒక్క నర్సరీలో తెగులు దూరినచో ఒక్క వారములో అది పది గ్రామములకు బండ్లపై పంపిణీ యగును. కావున నర్సరీకి అనుమతిపత్రమిచ్చుటతో అధికారుల పని తీరలేదు. కారుకారునకు పోయి నారును, నీటిని, మట్టిని పరీక్షించి, ఫలితమును నర్సరీ తలుపుమీద అంటింపవలయును.

రేవుపట్టణమైన మనకు ఈ సూత్రము తెలియనిది కాదు. 1914 నాటి కీటకముల, తెగుళ్ల చట్టము క్రింద, 2003 నాటి ఉత్తరువు ననుసరించి, విదేశములనుండి ఓడలపై వచ్చు వృక్షసంబంధమగు సరకును పరీక్షించుటకు విశాఖలో ప్లాంట్ క్వారంటైన్ కేంద్రము గలదు. ఇట్టి కాపలా యెంత యవసరమో 2020లో అమెరికా అనుభవము చాటినది. గ్వాటెమాలానుండి అచ్చటికి వచ్చిన జెరానియము పూలమొక్కలలో, ఆలుగడ్డకు ప్రమాదకరమైన వడలు తెగులు బాక్టీరియా రకము బయటపడెను. అచ్చటి ప్రభుత్వము ఆ మొక్కలు పోయిన జాడ తీసి, వందలకొలది హరితగృహములలో శోధించి, నాశనము చేయించినది. ఒక పూలకుండీ వెంట వారంత దూరము పోయిరి. మన రేవుద్వారమున కాపలా గలదు. ఆ ద్వారమునకు కొలదిమైళ్ల దూరమున నారుబండి ఒక మండలమునుండి మరియొక మండలమునకు ఏ పరీక్షయు లేక పోవుచున్నది. ఆ కేంద్రముననున్న విద్యను పట్టణము వెలుపలి తోటలకు కూడ వినియోగించుట అసాధ్యము కాదు.

ఉక్కు కర్మాగారమును ఈ పనిలో కొంత తోడ్పడవచ్చును. పులిసిన నేలలలో వడలు తెగులు ఎక్కువగా కనబడును గాన, ఎక్కువ వానలకు సున్నము కొట్టుకొనిపోయిన నేలలకు సున్నపు పాలు చేర్చుట మంచిదని చెప్పుదురు. ఉక్కు కరగించునప్పుడు మిగులు చిట్టెములో సున్నమును, సిలికానును గలవు. దానిని పొలములకు వాడుట పెక్కుదేశములలో గలదు. అయితే ఆ చిట్టెములో హానికరములైన లోహములుండవచ్చును. కావున పరీక్షించి, పాలు నిర్ణయించి, నేల పులుపు కొలిచిన పిమ్మటనే చల్లవలయును. కర్మాగారమునకు భూములిచ్చిన గ్రామముల ప్రక్కనే కూరతోటలు పెంచుచున్న రైతులకు, ఆ కర్మాగారపు కుప్పలనుండి మేలు కలుగు మార్గమున్నదేమో శాస్త్రీయముగా పరిశీలించుట న్యాయమే.

ఇక చేయవలసినదేమి? మా సూచనలు స్వల్పములు. రైతుబజారులు 1999 జనవరి 26న మొదలైనవి. తోటవాడు తానై పట్టణమునకు వచ్చు చోటు అవి తప్ప వేరులేదు. అచ్చట వారమునకు రెండుదినములైనను ఒక బల్ల, కొన్ని గాజుగ్లాసులు, ఒక సూక్ష్మదర్శిని, తెలిసినవా డొకడు ఉండవలయును. రైతు కాయలతోపాటు వాడిన కొమ్మను తెచ్చుకొనును. రోగము పేరు వ్రాసిన చీటితో తిరిగిపోవును. ఆ చీటి లేనిదే బాక్టీరియా మందు అమ్మరాదను నియమమును క్రమముగా తేవచ్చును. రెండవది: 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అనకాపల్లి పరిశోధనస్థానము, క్వారంటైన్ కేంద్రము మూడును కలిసి విశాఖలో ఒక మొక్కల రోగనిర్ణయశాలను నడుపవలయును. విత్తనమును, నారును, నీటిని అచ్చట అల్పరుసుముతో పరీక్షింపవలయును. మూడవది: పొరుగువాని మేలునకై తెగులుమొక్కలను పెరికి, ఆ నేలలో ధాన్యము వేయుటకొప్పుకొన్న రైతునకు, అందును కౌలుదారునకు, ఆ కారు నష్టములో కొంతభాగము పూరింపవలయును.

గ్రామమునకు ఉద్యాన సహాయకుడున్నాడు గదా, 2020లో ప్రారంభమై నేడు రైతు సేవా కేంద్రములని పిలువబడుచున్న ఏర్పాటులున్నవి గదా యని అధికారులు చెప్పవచ్చును. ఉన్నవి. ఆ యువకులు చదువుకొన్నవారు, పని చేయదలచినవారు. వారి కాలమంతయు పంటల నమోదులోను, పట్టికలు నింపుటలోను గడచిపోయినచో చదివిన చదువు తోటకు చేరదు. వారిచేతికి ఒక గ్లాసును, ఒక చాకును ఇచ్చి, వానకారులో వారమునకు నాలుగు తోటలు తిరుగుటయే మీ మొదటి పని యని చెప్పినచో, క్రొత్త ఉద్యోగ మొక్కటియు సృష్టింపకయే చాలపని జరుగును.

ఓడరేవులకును కర్మాగారములకును కావలసిన ధనముతో పోల్చినచో ఈ ఖర్చు లెక్కకురాదు. లెక్కకురాని ఖర్చు గనుకనే కాబోలు ఎవరి లెక్కలోనికిని రాకున్నది. రోగము తెలియక మందు చల్లించుకొను తోట మన కండ్లయెదుట మూడురకముల నష్టమును తెచ్చుచున్నది. రైతు అప్పు పెరుగుచున్నది. పట్టణపు కూర కొరతపడుచున్నది. రేపు మన ఆసుపత్రులలో పనిచేయవలసిన మందులు బలము కోల్పోవు భయము కలుగుచున్నది. ఈ మూడును వేరువేరు శాఖల క్రిందికి వచ్చుటచే ఏ శాఖవారును సంపూర్ణముగా బాధ్యత వహింపకున్నారు. రాబోవు వానకారు తొలకరికి ముందే, ఆనందపురపు నారుమళ్లు తడియకముందే, వ్యవసాయ, ఉద్యాన, వైద్యశాఖలవారును నగరపాలకసంస్థవారును ఒక్కచోట కూర్చుండి ఈ విషయమును నిర్ణయింపవలయునని కోరుచున్నాము. రైతుబజారున మొదటి బల్లను వేయుటకు శాసనసభ కూడవలసిన పనిలేదు. జిల్లా అధికారి యొక ఉత్తరువు వ్రాసిన చాలును.